గౌస్ నమాజుకే వెళ్లాడు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

యాకుత్‌పురాలో ఒక సేట్ కొట్లో నేను దర్జీని. పన్నెండేళ్ల కిందట, డెబ్బైల మొదట్లో, ఆయన గౌస్‌ను పనిలో పెట్టుకున్నాడు. దొంగతనం చేసి జైలుకెళ్లి వచ్చిన మనిషి. "తౌబా చేసిండు, ఇంక తప్పు చెయ్యనని అల్లాకు మాటిచ్చిండు. తౌబా చేసినోని పాత తప్పు మనం ఎత్తొద్దు" అన్నాడు సేట్. నేను తలూపాను. నమ్మలేదు. గౌస్ పూట తప్పకుండా నమాజుకు లేస్తుంటే, ఇదంతా ఎవరికి చూపించడానికి అనుకునేవాణ్ని. అతను బయటికి వెళ్లినప్పుడల్లా కత్తెరలున్నాయో లేదో చూసుకునేవాణ్ని. ఏనాడూ ఏదీ పోలేదు. అయినా నా అనుమానం పోలేదు.

ఒక మధ్యాహ్నం సేట్ బజారుకు వెళ్లాడు. గౌస్ నమాజుకు వెళ్లాడు. నేను ఇస్త్రీ చేస్తుంటే ఒక పెళ్లికూతురి దుపట్టా కాలిపోయింది. భయపడి దాన్ని నా సంచిలో దాచేశాను.

సేట్ వచ్చి దుపట్టా కోసం అంతా వెతికాడు. నేను చాయ్‌కు వెళ్లానని, కొట్లో గౌస్ ఒక్కడే ఉన్నాడని చెప్పాను.

"నేను నమాజుకు పోయిన సేట్" అన్నాడు గౌస్. నావైపు తిరిగాడు. "అన్నా, నీకు చెప్పే పోయిన గదా? నువ్వు చూసినవ్ గదా?"

"నేను చూడలే."

అంతే. అతను లొల్లి చేయలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు, మళ్లీ కొట్టుకు రాలేదు.

తర్వాత మసీదుకు రావడం కూడా మానేశాడని విన్నాను. అప్పుడు నాకేమనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. చూశావా, నేననుకున్నదే నిజమైంది అనిపించింది. నేనే తోసి, పడ్డాడని నేనే వేలు చూపించాను.

సేట్ మంచం పట్టాక, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను, తప్పు చేసినవాడికి దారేమిటని.

"అల్లా రహమత్ మీద, ఆయన దయ మీద ఆశ ఇడవొద్దు. కానీ మనిషికి చేసిన తప్పు అల్లాను అడిగితే పోదు బేటా. ఆ మనిషినే అడగాలె."

నా కళ్లలోకే చూస్తూ అన్నాడు. ఆయనకు మొదటినుంచీ తెలుసా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆయన పోయాక జల్‌పల్లిలో గౌస్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలో నిలబడి, అతని భార్య వింటుండగా అంతా చెప్పాను. మాఫ్ చెయ్యమన్నాను. అతను తలుపు రెక్క పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"నిన్ను ఎవలు పంపిండ్రు? ఇంకేం పనుంది నాతోని?"

నమ్మలేదు. అతనెందుకు నమ్మాలి? అతని కోసమే వెళ్లానా, లేక నా బరువు దింపుకోవడానికి మళ్లీ అతన్నే వాడుకున్నానా? నాకే తెలియనిది అతనికేం తెలుస్తుంది?

తలుపు మూశాడు. లోపలినుంచి అతని భార్య గొంతు మెల్లగా వినిపించింది.

"అంటే... ఆ దుపట్టా నువ్వు నిజంగ తియ్యనే లేదా?"

అతని జవాబు వినే ధైర్యం లేక వచ్చేశాను. మాఫీ దొరకలేదు, మళ్లీ అడగను కూడా. చెప్పానన్న ఒక్కటే నాకు మిగిలింది.