మోతీ మాది కాదన్నాను

ఈ ఉదయం తిఫ్రాలో, ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, మా ఇంటి గేటు తీసేసరికి, చలికి ముడుచుకు పడుకున్న వీధికుక్క ఒకటి లేచి నన్ను చూసి తోకాడించింది. నేను మామూలుగానే మొహం తిప్పుకున్నాను. ఇంట్లో అందరూ నాకు కుక్కలంటే భయమనుకుంటారు, నేనూ కాదనను, కానీ ఇది చదివే మీరు నా ఈడువాళ్ళు గనక చెబుతున్నాను, అది భయం కాదు, సిగ్గు.

చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, శీతాకాలం ఆదివారాలు నేనూ మరో ఇద్దరు స్నేహితులూ లైను పక్క కాలిబాట పట్టుకుని పొలాల్లోకి పోయి బఠానీల్లాంటి పచ్చి తివ్రా కాయలు కోసుకు తినేవాళ్ళం. తోడుగా మోతీ అనే కుక్క. అది పక్క క్వార్టర్ పిన్నిది; బాబాయి పోయాక ఆయన బదులు ఉద్యోగంలో చేరి ఒంటరిగా ఉండే ఆవిడకి ఇంట్లో ఉన్న రెండో ప్రాణి అదొక్కటే, అయినా మమ్మల్ని నమ్మి పంపేది.

ఒక ఆదివారం కాయల రుచిలో పడి మరీ దూరం పోయాం. తిరుగుదారిలో కొత్త బూట్లు కరిచి నా మడమలు బొబ్బలెక్కాయి, పొద్దు వాలుతోంది, అంతలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న గూడ్సు చివరి పెట్టెలోంచి, మా నాన్నతో పనిచేసే గార్డు మావయ్య మమ్మల్ని పోల్చుకుని ఎక్కమన్నాడు. గార్డు పెట్టె ఎక్కడమంటే మా కాలనీ పిల్లలకి ఎంత మోజో మీలో రైల్వేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మోతీని చూసి మాత్రం ఆయన మొహం చిట్లించి, "కుక్కనెక్కించను. ఏట్రా, అది మీదేటి?" అన్నాడు. స్నేహితులిద్దరూ నా వైపు చూశారు. మాదే అంటే నడవాలి.

"మాది కాదు మావయ్యా, ఎనకాల ఒచ్చేసింది" అనేశాను.

బండి కదిలింది. మోతీ అది ఆటనుకుందో ఏమో, కంకర మీద చాలా దూరం పరిగెత్తింది, తర్వాత కనబడలేదు. పొలాల్లో తప్పిపోయిందని, ఎంతో వెతికామని పిన్నితో చెప్పాను. డ్యూటీ దిగగానే ఆవిడ శాలువా కప్పుకుని దాన్ని పిలుచుకుంటూ తిరిగేది. అసలు చోటు చెబితే నా అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని వేరే వైపు చూపించాను.

నాలుగో రోజు బడికి బయల్దేరుతుంటే మోతీ వచ్చింది. కాళ్ళు చిట్లి, కుంటుకుంటూ, పిన్ని గుమ్మం దాటి మరీ ముందు నా దగ్గరికే వచ్చి చేయి నాకింది. అప్పుడే తలుపు తీసిన పిన్ని అది చూసి, "ఎతికి ఒట్టుకొచ్చీసినావేటి నాయినా!" అని ఏడ్చేసింది. సాయంత్రం బెల్లం పోకుండలు చేసి గిన్నెడు నాకే పెట్టింది. నేను కాదనలేదు. తిన్నాను, రుచిగా కూడా ఉన్నాయి. స్నేహితులిద్దరూ ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ తర్వాతి ఆదివారాలు నన్ను పిలవడం మానేశారు.

ఇప్పుడు ఆ పొలాల్లో ఇళ్ళు లేచాయి. నిజం చెబుదామంటే పిన్ని పోయి ఏళ్ళయింది. రైల్వే పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయిన మా వాళ్ళలో తెలుగు చదివేవారూ తగ్గిపోయారు. మా మనవలు ఇంట్లో ఏదో మాట్లాడతారు గానీ అక్షరం ముక్క చదవలేరు, అందుకు వాళ్ళ మీద ఎన్నోసార్లు కోప్పడ్డాను. ఇది రాస్తున్నప్పుడు మాత్రం, వాళ్ళకి చదవడం రానందుకు నాకు లోలోపల హాయిగా ఉంది.