మాకు కూత నేర్పిన పీడీ గారు

మా కాలేజీ పీడీ గారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. ఆటలు నేర్పే ఆయన్ని మేం అట్లాగే పిలిచేవాళ్లం. కబురు వింటే ఏడుపు రాలేదు. గుండె దడదడలాడింది, కూతకు బయల్దేరే ముందు కొట్టుకున్నట్టు.

ఎనభైల్లో మాది కబడ్డీ జట్టు. అందరం పల్లెటూరి పిల్లలం. మిరపకాయల కాలం వస్తే పొద్దున్నే కల్లాల మధ్య నిలబెట్టి కూత పెట్టించేవారు. ఎండుకాయల ఘాటుకి గొంతు మండిపోయేది.

"దగ్గినోడు బస్సెక్కి ఊరికి పోవచ్చు" అనేవారు.

దగ్గితే పిక్కల మీద పత్తికట్టె విరిగేది. తర్వాత తనే ఇంటికి తీసుకెళ్లి మజ్జిగన్నం పెట్టించేవారు. "తినండ్రా ఎదవల్లారా, రేపు మళ్లీ తన్నాలిగా" అనేవారు. నవ్వాలో భయపడాలో తెలిసేది కాదు.

గెలుస్తూనే ఉన్నాం మరి. అందుకే ప్రిన్సిపాలు గారు గానీ మా నాన్నలు గానీ ఏమీ అడగలేదు.

ఒంగోల్లో ఫైనలు. హాఫ్ టైముకి వెనకబడ్డాం. కూతలో మా అందరికంటే గట్టివాడు దానియేలు. పీడీ గారు వాణ్ణి అందరి ముందూ చెంప మీద కొట్టారు. కాయకోత మానుకుని ఆట చూడ్డానికొచ్చిన వాళ్లమ్మ కోర్టు చుట్టూ కట్టిన తాడు పక్కనే నిలబడి ఉంది.

"ఏం సారూ, మీరు కొడుతుంటే చూద్దామనా నేనొచ్చింది?" అంది.

దానియేలు చెంప తడుముకోలేదు. "సార్, మీరు తాడు అవతలికెళ్లండి. మీరు లోపలుంటే నేను కూతకు పోను."

"ఏరా, నేను లేకుండా గెలుస్తారంట్రా?"

"ఓడితే మేమే ఓడతాం సార్."

ఎవరూ చెప్పకుండానే మేమంతా ఒకరి తర్వాత ఒకరం గీత మీద కూర్చున్నాం. రిఫరీ మళ్లీ విజిలేశాడు. పీడీ గారు మా మొహాలు చూసి, తాడు పైకెత్తి అవతలికి వెళ్లారు.

అప్పుడు చూడాలండీ ఆట. పట్టుకున్నవాణ్ణి వదిలితే ఒట్టు. చివరి కూతకి రెండు పాయింట్లు తక్కువలో ఉన్నాం. నేను అవుటై తాడు పక్కన కూర్చున్నాను. దానియేలుని ముగ్గురు పట్టేశారు. కింద పడ్డాడు, కూత ఆగలేదు. మొహం మట్టిలో ఉంది, కూత ఆగలేదు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ పాకి గీత మీద వేలు పెట్టాడు. గెలిచాం.

"మీ సారు దంచబట్టే గెలిచారు" అని ఇప్పటికీ అంటారు. ఆ ఊపిరి కల్లంలోదే, కాదనను. కానీ దానియేలు మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు. పీడీ గారు వాళ్లింటికి వెళ్లి పిలిచినా రాలేదు. కల్లం చాలు సార్, ఆ చెంపదెబ్బ అక్కర్లేదు. ఇప్పుడైతే అదే చెబుతాను.

చివరి కూతప్పుడు ఆయన నా పక్కనే ఉన్నారు. అరవలేదు, తిట్టలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. మొహం కందిపోయింది. వేలు గీతకి తగిలింది, విజిలు మోగింది, జనమంతా లోపలికి ఉరికారు. ఆయన ఒక్కరే అక్కడ నిలబడి, ఊపిరి వదలకుండా, ఇంకా కూత పెడుతూనే ఉన్నారు.