అత్త చెప్పిన రెండో సాక్ష్యం

పోయిన మంగళవారం పొద్దున్నే, మా మేనత్త ప్రభువు నందు నిద్రించిందని మా ఊరి చర్చి మైకులో చెప్పారు. పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు పని ఆపి గట్టు మీదికి వచ్చేశారట. వాళ్లంతా ఆమె నడిపిన కూలీల ముఠా.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. పంపించింది అత్త. వరికోతలకు నేనూ వస్తానంటే, "నీ చేతికి కొడవలెందుకే? నువ్వు చదువు. నాకు చదవాల్సినవి నువ్వు చదివి చెబుదువుగాని" అనేది. చివరికి నేను చదివి వినిపించాల్సి వచ్చినవి ఆస్పత్రి కాగితాలు.

గర్భసంచి లోపలి పొరకు వచ్చిన క్యాన్సర్. ఆపరేషను, కీమో అయ్యాక పోయిందనుకున్నాం. మళ్లీ వచ్చింది. ఇలా తిరగబెట్టినవాళ్లకు రెండు ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇచ్చి పరీక్షిస్తున్నామని విజయవాడ ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఏదీ దాచలేదు.

"ఈ మందులు గడ్డను నేరుగా చంపవమ్మా. మీ ఒంట్లో ఉన్న కాపలాను లేపుతాయి. ఆ కాపలా ఒక్కోసారి మీ పేగుల మీదికీ పోవచ్చు. ఎంతవరకు పనిచేస్తాయో మాకూ ఇంకా తెలీదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు."

అత్త నవ్వింది. "కొత్త వంగడం గదండీ. ఎవరో ఒకరి మళ్లో ముందు ఏసి చూడాలిగా. నా మళ్లో ఏయండి."

కొన్నాళ్లకు స్కానులో గడ్డలు తగ్గుతూ కనిపించాయి. ఆ ఆదివారం అత్త చర్చిలో సాక్ష్యం చెప్పింది. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును అందరిలో నిలబడి చెప్పడం. అందులో ఇబ్బందుల మాట ఎత్తినవాళ్లను నేను చూడలేదు.

ఆ తర్వాతే ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రిలో అడిగితే, "బాగానే ఉందండీ" అని ఊరుకుంది. విజయవాడ పటమటలో నేనుండే గదికి వచ్చినప్పుడు, గంజి కూడా ఇమడక గోడ పట్టుకుని నడుస్తుంటే నాకు తెలిసింది.

"ఎప్పటి నుంచి అత్తా?"

"అరవమాకే. బాగైందని అందరి ముందూ సాక్ష్యం చెప్పా. ఇప్పుడు బాలేదంటే దేవుడికి మాటొస్తది. ఆ మందుకీ చెడ్డపేరు. పైగా మాన్పించేస్తే? అదుంటేనే గదా నేనుండేది!"

బతిమాలి ఆటో ఎక్కించాను. డాక్టరమ్మ ఆమెను చేర్చుకుని, ఆ మందులు ఆపేసి, పేగుల వాపుకు వైద్యం మొదలుపెట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదట. కుదుటపడ్డాక మంచం పక్కన కూర్చుని, "మీరు బాగుందంటే బాగుందనే రాసుకున్నానమ్మా. రేపు ఇంకొకామెకు ఇదే మందు ఇచ్చేటప్పుడు, జాగ్రత్త అని నేనెలా చెప్పను?" అంది.

"అయితే దిగుబడే కాదు, తెగులూ చెప్పాలన్నమాట" అంది అత్త.

ఆ మందులు మళ్లీ ఇవ్వలేదు. అయినా చాలాకాలం గడ్డలు పెరగలేదు. అత్త మళ్లీ గట్ల మీద తిరిగింది, వరస తప్పి నాటినవాళ్లను తిట్టింది. ఒక ఆదివారం మళ్లీ లేచి నిలబడింది.

"మొన్న సగమే చెప్పా. మందు గడ్డను తగ్గించింది, నా పేగుల్నీ పీకింది. దాచిపెట్టి చావబోయా. అంతకుముందూ ఒకటి దాచా. ముట్లుడిగిన ఎన్నేళ్లకో మళ్లీ రక్తం కనబడితే, వేడి చేసిందిలే అనుకున్నా. మీరెవరూ అట్టా ఊరుకోమాకండి."

మగవాళ్లు తలలు దించుకున్నారు. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. వెనక చాపల మీద నుంచి ఎవరో, "ఏందక్కా, చర్చిలోనా!" అన్నారు.

"మరెక్కడ చెప్పమంటావే? నాట్లలో చెబితే పాటల్లో కలిసిపోద్ది."

ఈ ఏడు గడ్డలు మళ్లీ పెరిగాయి. ఇక చేయగలిగింది తక్కువేనని చెప్పినప్పుడు, ఆమె డాక్టరమ్మను ఒక్కటే అడిగింది. "నా సంగతంతా రాసుకున్నారా అండీ?"

"అంతా రాశానమ్మా."

"అయితే సరే."

సమాధి చేసి వచ్చాక, ముఠాలో నారుకట్టలు మోసే పిన్ని నన్ను పక్కకు పిలిచింది. అత్త ఆ రోజు చర్చిలో చెప్పినట్టే ఆమెకూ కొంతకాలంగా అవుతోందట. నిన్న ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఒకవేళ అదే జబ్బయినా, త్వరగా వస్తే ఆపరేషనుతోనే నయమయ్యే అవకాశం ఎక్కువని దారిలో చెప్పాను. హాలు నిండా జనం, సగం మగవాళ్లే. ఏమిటి ఇబ్బందని నర్సు అడిగింది. పిన్ని చుట్టూ చూసింది.

"ముట్లుడిగి శానా ఏళ్లయిందండీ. ఇప్పుడు మళ్లీ రక్తం కనబడతాంది" అని అందరికీ వినపడేలా చెప్పింది.

చివరి బెంచీలో ఒక పెద్దావిడ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి, మా వైపు జరిగి కూర్చుంది.