మా గుడిసె కాదన్నాను

మా ఆయన పోయాక నేనూ అమ్మలాగే మిరప తొడిమలు తీసే పనికే వెళ్తున్నాను. చేతులు మండితే అమ్మ గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

చిన్నప్పుడు నల్లపాడు రైలుకట్ట పక్కన బరకాలు కప్పిన గుడిసె మాది. బడిలో మాత్రం డాబా అని చెప్పుకునేదాన్ని. అమ్మ పనికెళ్లిన ఒకరోజు, ఇళ్లస్థలాలకు పేర్లు రాయడానికి మా టీచరుగారే వచ్చారు.

"ఏమ్మా, మీ ఇల్లేనా ఇది?"

"కాదండీ. ఇందులో ఎవరూ ఉండట్లా. ఆడుకోడానికొచ్చా."

ఆవిడ రాసుకుని వెళ్లిపోయారు. పరువు దక్కిందనుకున్నాను.

చుట్టుపక్కల అందరికీ స్థలాలొచ్చాయి.

"మన పేరేమైందే? ఎవరన్నా వచ్చారా?" అంది అమ్మ.

"ఎవరూ రాలేదమ్మా."

మర్నాడు నన్ను ఆఫీసుకు లాక్కెళ్లి, అందరి ముందూ నిలబెట్టింది.

"నా పిల్ల అబద్ధమాడదు సార్. కావాలంటే అడగండి!"

నేను అవునన్నట్టు తలూపాను. అమ్మ ఆ గుడిసెలోనే పోయింది. చివరిదాకా ఆఫీసువాళ్లనే తిట్టుకుంది.