మజ్జిగ పోసిన లద్దె కుప్ప

మా పెరటి కంచె అవతల రెండు గుర్రాలను సాకే పెద్దాయన మొన్న మంగళవారం కన్నుమూశారు. ఆయన కూతురు వచ్చి చెప్పింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి ఇది మన కాలనీ తెలుగువాళ్లందరికీ రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను. మా పెరట్లో ఆయన ఇచ్చిన ఎరువు కుప్పను ఈ నెలాఖరులోగా తీసి పారేయమని ఇళ్ల సంఘం ఉత్తరం పంపింది. ఆయన లేరు కాబట్టి దాని తరఫున ఇక నేనే మాట్లాడాలి.

పదేళ్ల కిందట నేను అమెరికాలో ఈ క్యారీ ఊరికి వచ్చినప్పుడు పెరడంతా ఎర్రమట్టి. వాన పడితే కాలి చెప్పును లాగేసుకునేది, ఎండితే పార తగిలి ఖంగుమనేది. గోంగూర జానెడు లేచి అక్కడే ఆగిపోయింది. ఆ మట్టిని తిడుతూ కూర్చుంటే కంచె మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. టోపీ తీసి నిలబడ్డారు ఆయన. పక్కన తోపుడు బండి, దాని నిండా గుర్రపు లద్దె, గుర్రాల కింద పరిచి తీసిన రంపపు పొట్టు.

"హాట్, మేమ్. హాట్. వెయిట్," అన్నారు.

నాకు అర్థమైంది హాట్ ఒక్కటే. వేడి చేస్తుంది కాబోలు అనుకున్నాను. వేడి చేస్తే మనమేం చేస్తాం? మజ్జిగ తాగుతాం. బకెట్టెడు పల్చటి మజ్జిగ చేసి మూడు రోజులు ఆ కుప్ప మీద పోశాను. మూడో రోజు ఆయన చూసి ఇదేమిటని అడిగారు. మా అమ్మాయి విడమరిచి చెప్పింది. కంచె పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ఇవతలికి వచ్చి, కుప్ప కొంచెం తవ్వి, చెయ్యి పెట్టి చూడమన్నారు. చుర్రుమంది. పచ్చి లద్దె మగ్గేటప్పుడు అలా కాగుతుందట. ఆ వేడి చల్లారేదాకా మొక్కల దగ్గరికి రానివ్వకూడదట.

"అయితే మజ్జిగ మానెయ్యనా, అడుగు," అన్నాను మా అమ్మాయితో.

"మానొద్దంటున్నారమ్మా. కుప్ప ఎండిపోతోందట, ఏ తడైనా మంచిదేనట."

అప్పటి నుంచి ఎప్పుడు బండి తెచ్చినా "బటర్‌మిల్క్, మేమ్?" అనేవారు. "ఎవరికి, మీకా, కుప్పకా?" అని నేను తెలుగులోనే అడిగేదాన్ని. ముందు తనను చూపించుకుని, తర్వాత కుప్పను చూపించేవారు. కరివేపాకు నలిపి వేసిన మజ్జిగను నిలబడే తాగి, గ్లాసు పంపు కింద కడిగి ఇచ్చేవారు.

నేను మాట వినే మనిషిని కాను. ఒక ఏడు ఆగలేక సగం మగ్గిన ఎరువు మిరప నారుకు వేశాను. మూడు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. ఆయన తిట్టలేదు. "నేల తొందరపడదు, మేమ్. తొందరంతా మనదే," అన్నారు. ఇంకోసారి పొట్టంతా చెత్తనుకుని ఏరి పారేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. గుర్రాల మూత్రమంతా పీల్చుకున్నది ఆ పొట్టే, సగం బలం అందులోనే ఉందన్నారు. లద్దె అన్న మాట నేనే నేర్పాను. దీపావళికి లడ్డు ఇస్తే చేతిలో తిప్పి తిప్పి చూసి, "లద్దె?" అన్నారు. కొరికాక ఇంకొకటి అడిగారు.

కిందటి శీతాకాలం మొదట్లో కుప్ప కంపు కొడుతోందని సంఘానికి ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరో ఏమిటి, మనవాళ్లే. పేరు చెప్పను. గోంగూర కోసం గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడిన చేతులే అవి. మీటింగుకు ఆయన బురద బూట్లతోనే వచ్చారు. కిందటేడు మగ్గిన ఎరువు కాగితం సంచిలో తెచ్చి, "వాసన చూడండి," అని బల్ల మీద పెట్టారు. సంఘం పెద్దావిడ వంగి చూసింది. తొలకరి వాసన తప్ప ఏముంటుంది అందులో? వసంతం దాకా గడువిచ్చారు. ఆ గడువే ఈ నెలాఖరు.

పచ్చిగా ఉన్నప్పుడు వాసన వేసిన మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ మగ్గినదాన్ని చెత్తబండికి ఎత్తడం అన్నం పారబోసినట్టే. ఈ శనివారం పొద్దున్నే తలా ఒక బకెట్టు తెచ్చుకోండి. ఫిర్యాదు చేసినవాళ్లు రెండు తెచ్చుకోండి. మజ్జిగ నేనిస్తాను. మీ ఎర్రమట్టికి కూడా ఆయన చెయ్యి తగలనివ్వండి.

ఏటా కుప్ప చల్లారగానే "కూల్" అని కేకెయ్యమనేవారు. వెంటనే పార తెచ్చి నాతోపాటు చల్లేవారు. ఈ పొద్దున కుప్ప లోపల మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. చల్లగా తగిలింది. అలవాటు కొద్దీ కంచె వైపు తిరిగి "కూల్" అని గట్టిగా అరిచాను. అవతల ఎర్ర గుర్రం మేత ఆపి తలెత్తింది. నా వైపు చూడలేదు. ఆయన వచ్చే తలుపు వైపు చూసింది.