ముందుకు జరిగిన కార్యక్రమం

మెట్‌పల్లిలో డిష్‌లు బిగించే జబ్బార్ ఏ కార్యక్రమాన్నీ వచ్చే వేళకు చూడడు. ఇంట్లో పాత కంప్యూటర్‌కు డిష్ వైరు కలిపి, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లు ఒకదాని తర్వాత ఒకటి వేసి తీసేస్తూ గడ్డం గోక్కుంటూ కూర్చుంటాడు. ఏ చానల్లో ఎప్పుడేముందో చెప్పే పట్టిక డిష్ సిగ్నల్‌తోనే వస్తుంది గానీ, అందులో పేర్లు సగం సగమే ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికేది బొమ్మలతో ముద్దుగా ఉంటుంది. రెండూ ఉంటే కంప్యూటర్ తికమక పడుతోందని సిగ్నల్ పట్టికను తీసేశాడు.

పోయిన రంజాన్‌కు ముందు చనిపోయిన భార్య ఫర్హీన్ ఒకప్పుడు టీవీ వంటల కార్యక్రమంలో ఎండు ఆప్రికాట్ల తీపి, ఖుబానీ కా మీఠా చేసి చూపించింది. అది మళ్లీ వేసే రోజు రికార్డుకు పెట్టి, ఎవరైనా ముడితే రికార్డు చెడుతుందని టీవీ ఆర్పేసి పనికి బయల్దేరాడు. "జర పెట్టు బేటా, చూస్త" అంది తల్లి సుల్తాన్ బీ. "ఫికర్ నక్కో అమ్మీ, రికార్డయితది. ఎన్నిసార్లన్న చూడొచ్చు" అన్నాడు. సాయంత్రం ఎదురింటి శంకరవ్వ గడపలోనే ఆపింది. "ఫర్హీన్ టీవీల ఎంత మంచిగ నవ్విందో జబ్బారూ! చూసిన్రా?" అతను లోపలికి ఉరికి రికార్డు తెరిచాడు. చానల్ వాళ్లు ఆ రోజు కార్యక్రమాన్ని చెప్పిన వేళకంటే ముందుకు జరిపారు. ఆ సంగతి అతను తీసేసిన సిగ్నల్ పట్టికకే తెలుసు. తెర మీద మొదట మీఠా గిన్నె, దాన్ని పట్టుకున్న గాజుల చెయ్యి ఒక్క క్షణం కనిపించాయి. తర్వాత అన్నీ సబ్బుల ప్రకటనలే. సుల్తాన్ బీ కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి జరిగింది. "ఇగ వస్తదా బేటా?" జబ్బార్ ప్రకటనలను ఆపలేకపోయాడు.