ఆవకాయ జాడీ అడ్డొచ్చిన తీర్పు

నా చిన్నప్పుడు మేము దోహాలో, అల్ దోహా అల్ జదీదా అనే పేటలోని ఒక పాత మూడంతస్తుల బిల్డింగులో ఉండేవాళ్ళం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఇంకా రాలేదు. ఎటు చూసినా క్రేన్లు, తవ్విన రోడ్లు, తెల్లారకముందే మనుషుల్ని ఎక్కించుకుని స్టేడియాల వైపు పోయే కంపెనీ బస్సులు. మా నాన్న ఒక కంపెనీలో స్టోర్ కీపరు. మా కింద అంతస్తులో గదికి ఆరుగురు చొప్పున మన తెలుగువాళ్ళే, ఎక్కువమంది కరీంనగర్ వైపు వాళ్ళు, ఉండేవారు. కుటుంబంతో ఉన్నది మేమొక్కళ్ళమే కాబట్టి శుక్రవారం సెలవుపూట అందరూ మా హాల్లోనే చేరేవారు. మా అమ్మ టీ పెట్టలేక విసుక్కునేది గానీ, ఎవరైనా రాకపోతే ఎందుకు రాలేదని ఆరా తీసేది కూడా ఆవిడే.

ఆ బిల్డింగులో ఒక ఆచారం ఉండేది. ఎవరు సెలవుకి ఇంటికి వెళ్తున్నా మిగతావాళ్ళు తలా ఒక వస్తువు వాళ్ళ పెట్టెలో పెట్టేవారు. పాలపొడి డబ్బా, సబ్బులు, దుప్పటి, ఏదో ఒకటి. తీసుకెళ్ళేవాడు కాదనకూడదు. కాదంటే ఆర్నెల్లు గుర్తుపెట్టుకునేవారు. బంగారం పంపాలంటే పాలపొడిలో పాతిపెట్టి మూతకి టేపు చుట్టేవారు. మోసేవాడికి భయం ఎందుకని లోపల ఏముందో అతనికి చెప్పేవారు కాదు. ఎంత తెలివితక్కువ పనో అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఒకసారి కింద గదిలోని మేస్త్రి అన్న సెలవుకి వెళ్ళొచ్చాడు. వచ్చిన వారానికి, అదే గదిలో ఉండే వడ్రంగి అన్న ఇంటి నుంచి ఫోను. కూతురికి చెవులు కుట్టించడానికి ఆయన పంపిన కమ్మలు డబ్బాలో లేవు. పొడి అంతా జల్లించినా లేవు. మేస్త్రే డబ్బా విప్పి, కమ్మలు తీసి, మళ్ళీ టేపు వేశాడని వడ్రంగి అన్న నమ్మేశాడు. సాయంత్రం లోపల ఒప్పుకోకపోతే పోలీసులకి చెప్తానన్నాడు. కేసంటూ పడితే మేస్త్రి అన్న ఉద్యోగం పోతుంది, ఇంటికి పంపేస్తారు, ఊళ్ళో దొంగ అన్న పేరు ఉండిపోతుంది. ఆయన మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు. "నేను తియ్యలే అన్నా. ఇచ్చింది ఇచ్చినట్టే ముట్టజెప్పిన."

పోలీసుల దాకా పోకుండా మనలో ముగ్గురు కూర్చుని విని తేల్చాలని మా హాల్లో చేరిన అందరూ అనుకున్నారు. ఆ ముగ్గురిలో మా నాన్న ఉండాలన్నది చెప్పకుండానే తెలిసిన సంగతి. చదువుకున్నవాడు, పెద్దమనిషి. అప్పటికే చొక్కా మార్చుకుని కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడు లేచాడు మా డ్రైవర్ మామయ్య. వరసకి మామయ్యే గానీ చుట్టమేం కాదు, అనంతపురం మనిషి. అల్ వుకైర్‌లో ఒక అమెరికా లాయరమ్మ ఇంట్లో డ్రైవరు. పెద్దగా మాట్లాడే రకం కాదు. వాళ్ళ దేశంలో నేరం విచారించేముందు మామూలు జనాన్ని పిలిచి, తీర్పు చెప్పడానికి మీరు తగినవాళ్ళేనా అని వాళ్ళనే ముందు విచారిస్తారని ఆవిడ ఓసారి కారులో చెప్పిందట. అది ఆయన మనసులో నాటుకుపోయింది. మేస్త్రిని అడిగేముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం అన్నాడు. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

మొదట తననే ప్రశ్నించుకున్నాడు. పోయినేడు ఊళ్ళో వాళ్ళమ్మకి జబ్బు చేస్తే, మేస్త్రి అన్న సెలవులో ఉండి కూడా పనిగట్టుకుని అనంతపురం దాకా మందులు తీసుకెళ్ళి ఇచ్చాడు. "ఆయప్ప దొంగతనం చేసినా నాకు కనపడదు. నేను పనికిరాను, అడగడానికి మాత్రమే ఉంటా" అని పక్కన నిలబడ్డాడు. తర్వాత మా నాన్న వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు. "ఏమనుకోవద్దన్నా. మేస్త్రి నీకెప్పుడన్నా ఏదైనా చేసిపెట్టినాడా? చెయ్యనని చెప్పినాడా?"

"అబ్బే, మా మధ్య అలాంటివేం లేవండీ" అన్నాడు నాన్న.

నేను అమ్మ పక్కన పకోడీ తింటున్నాను. ఎనిమిదేళ్ళుంటాయేమో. అడిగినదానికి జవాబు చెప్పాలని బడిలో నేర్పారు కదా, నోట్లో పకోడీ ఉండగానే చెప్పేశాను. "ఆవకాయ జాడీ తేలేదని తిట్టావు కదా నాన్నా."

నేను చెప్పింది నిజమే. అంతకుముందు సెలవులో హైదరాబాదులో పిన్ని ఇంటి నుంచి ఆవకాయ జాడీ తెమ్మని నాన్న పురమాయిస్తే, బరువెక్కువైందని మేస్త్రి అన్న వదిలేసి వచ్చాడు. ఆ నెలంతా మా ఇంట్లో అన్నం కలిపిన ప్రతిపూటా ఆయనకి అక్షింతలే. నా వీపు పగిలిపోతుందనుకున్నాను. అమ్మ కొంగు వెనక్కి జరిగాను.

నాన్న లేచి కుర్చీ వెనక్కి తోశాడు. "పిల్ల చెప్పింది నిజమేనండీ. పొద్దున ఈ మాట వినగానే వీడే చేసుంటాడని అనేసుకున్నాను. నేను కూర్చోకూడదు" అని వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. అంతమందిలో మా నాన్న చిన్నబోయాడని ఆరోజు ఏడుపొచ్చింది. ఆయన అంత ఎత్తుగా మళ్ళీ ఎప్పుడూ కనబడలేదని ఇప్పుడనిపిస్తుంది.

అలా అడుగుతూ పోతే పక్కింటి నర్సు అక్క, నెల కిందటే వచ్చిన టైలరు మిగిలారు. మూడో మనిషిగా ప్లంబర్ చిన్నాయనని అడిగారు. ఆయనా కరీంనగర్ మనిషే. "అబద్ధమెందుకు? నాకైతే మేస్త్రే తీసిండనిపిస్తుంది" అన్నాడు. ఇంకేం, ఈయన పోయినట్టే అనుకున్నాం. డ్రైవర్ మామయ్య మాత్రం ఇంకో ప్రశ్న వేశాడు. "కాదని తేలితే, నలుగురిలో నీ నోటితో చెప్తావా?" చిన్నాయన కొంచెం ఆలోచించాడు. "అందరికంటే ముందుగాల నేనే చెప్త" అన్నాడు. మామయ్య ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. అదేమి ఎంపికో నాకప్పుడు అర్థం కాలేదు.

పొద్దుటి నుంచి మేస్త్రి అన్నని అందరూ ఎక్కడ అమ్మావు, ఎవరికిచ్చావు అనే అడిగారు. చిన్నాయన ఒక్కడే వేరే మాట అడిగాడు. "నీ పెట్టెల గసొంటి డబ్బలు ఎన్నుండె?" ఐదు, అన్నాడు మేస్త్రి అన్న. చెబుతుంటే ఆయనకే గుర్తొచ్చింది. ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పి చూసినప్పుడు రెండు డబ్బాల మీది పేర్ల చీటీలు ఊడిపోయాయి. అన్నీ పాలపొడే కదా, ఏది ఎవరికి ముడితే ఏమిటని తోచినట్టు అంటించేశాడు. ఒకటి వడ్రంగిది. రెండోది ఎవరిదని నర్సు అక్క అడిగింది.

రెండోది ప్లంబర్ చిన్నాయనదే. వాళ్ళమ్మకి పంపుకున్నాడు.

ఆయన ఊరుకోవచ్చు. రాత్రికి ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటానని తప్పించుకోవచ్చు. కానీ అక్కడే, అందరి ముందూ వీడియో కాల్ కలిపాడు. మనవలు సెలవులకి వచ్చేదాకా దుబాయ్ పాలపొడి (ఆమెకి గల్ఫ్ అంతా దుబాయే) విప్పేది లేదని దాచుకున్న ఆ ముసలమ్మ, కొడుకు గట్టిగా చెబితే గొణుక్కుంటూ డబ్బా చేటలో బోర్లించింది. తెల్లటి పొడిలోంచి చిన్న కాగితం పొట్లం బయటపడింది.

వడ్రంగి అన్న మొహం కప్పుకున్నాడు. చిన్నాయన లేచి నిలబడి, "మేస్త్రి తియ్యలే. నేనే తప్పుగ అనుకున్న" అన్నాడు, అన్న మాట ప్రకారం అందరికంటే ముందుగా. మేస్త్రి అన్న అంతసేపూ బిగబట్టుకుని ఉండి, అప్పుడు ఏడ్చాడు. మా నాన్న వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ మళ్ళీ టీ పెట్టింది, విసుక్కోకుండా.

ఆ ప్రపంచ కప్పు వచ్చి వెళ్ళి నలభై ఏళ్ళు దాటింది, ఇప్పుడు నా జుట్టు తెల్లబడింది. మొన్న మా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ మీద ఏదో ఫిర్యాదు వస్తే, పెద్దవారు మీరే తేల్చండమ్మా అని నా దగ్గరికి వచ్చారు. నాకు గర్వంగానే ఉంది. కుర్చీ జరుపుకుని కూర్చున్నాను కూడా. అంతలో, నిరుడు నా కూరల సంచీ పైకి తెమ్మంటే అతను తేనన్న సంగతి గుర్తొచ్చింది. లేచి, వచ్చినవాళ్ళకి ఆ మాటే చెప్పి, చాప తెచ్చి ఒక పక్కన కూర్చున్నాను.